ఫిర్యాదు యాప్‌లో 'పరిష్కరించాం' అంటారు, గుంత మాత్రం అక్కడే ఉంటుంది: ఎందుకిలా?

రోడ్డు మీద గుంత కనిపిస్తుంది. ఫోన్ తీసి ఫొటో కొట్టి, ప్రభుత్వ యాప్‌లో ఫిర్యాదు పెడతాం. ఒక నంబరు వస్తుంది. కొన్నాళ్లకు 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. వెళ్లి చూస్తే గుంత ఉన్నచోటే ఉంటుంది. ఒక్కసారి ఇలా జరిగితే చాలు, చాలామంది ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తారు. తర్వాత ఇంకేదైనా కనిపించినా ఎవరికీ చెప్పరు.

దీనికి రెండు వివరణలు వెంటనే వినిపిస్తాయి. పని చేయకుండానే చేసినట్టు సిబ్బంది రాసేశారన్నది ఒకటి. యాప్ సరిగ్గా తయారు చేయలేదన్నది ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ఫొటో తీయడానికీ ఆ మెసేజ్ రావడానికీ మధ్య చాలా దశలున్నాయి. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా, యాప్ చక్కగా పనిచేస్తున్నా, ఆ దశల అమరిక వల్లే ఆ మెసేజ్ రాగలదు. అది ఎలాగో చూడాలంటే ముందు ఈ యాప్‌ల స్వభావం అర్థం కావాలి.

బిల్లు కట్టే యాప్‌కూ, ఫిర్యాదు యాప్‌కూ తేడా

కరెంటు బిల్లు కట్టే యాప్‌లో పని యాప్‌లోనే మొదలై యాప్‌లోనే ముగుస్తుంది. డబ్బు వెళ్లింది, రసీదు వచ్చింది, అయిపోయింది. ఫిర్యాదు యాప్‌లో పని మొదలయ్యేది మాత్రమే ఫోన్‌లో. అది ముగియాల్సింది రోడ్డు మీద, కాలువ దగ్గర, దీపస్తంభం పైన. మధ్యలో ఒక కార్యాలయం, దాని శాఖలు, సిబ్బంది, వాహనాలు, నిధులు ఉంటాయి. యాప్ ఎంత అందంగా ఉన్నా వీటిని దాటి పోలేదు.

ఈ పద్ధతికి మూలం ఫోన్ లైన్లు. అత్యవసరం కాని సమస్యలు చెప్పుకోవడానికి అమెరికాలోని బాల్టిమోర్ నగరం 1996లో 311 నంబరును మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో అది 2003లో వచ్చింది. 2007లో బ్రిటన్‌లో మై సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ, ఇప్పుడు ఫిక్స్ మై స్ట్రీట్ అని పిలిచే వెబ్‌సైట్‌ను తెచ్చింది. మ్యాప్ మీద సమస్య ఉన్నచోటు చూపిస్తే, ఆ ప్రాంతం ఏ స్థానిక సంస్థ కిందికి వస్తుందో అదే కనిపెట్టి ఫిర్యాదును అక్కడికి పంపుతుంది. 2009లో బోస్టన్ నగరం సిటిజన్స్ కనెక్ట్ పేరుతో ఫోన్ యాప్ విడుదల చేసింది. ఆ తర్వాత ప్రపంచమంతటా ఇలాంటివి పుట్టుకొచ్చాయి.

ఇందులో రెండు రకాలను వేరుగా చూడాలి. వెలగని దీపం, పొంగిన మురుగు, పేరుకున్న చెత్త లాంటివి 'పని చేయండి' అని అడిగే ఫిర్యాదులు. అడ్డంగా ఆపిన వాహనం, ఎన్నికల్లో డబ్బు పంపిణీ లాంటివి 'ఫలానావాళ్లు తప్పు చేస్తున్నారు' అని చెప్పేవి. మొదటిదాంట్లో సమాచారం చాలు, రెండోదాంట్లో సాక్ష్యం కావాలి. ఈ రెండింటికీ ఒకే ఫారం పెట్టడం వల్లే చాలా యాప్‌లలో చికాకు మొదలవుతుంది.

మలుపు దగ్గర నీళ్లు నిలిచాయి: ఇది ఏ శాఖ?

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. రోడ్డు మలుపులో నీళ్లు నిలిచి వాసన వస్తోంది. దాటేవాళ్లకు అదొక్కటే సమస్య. యాప్ తెరిస్తే మాత్రం వరసగా విభాగాలు కనిపిస్తాయి: మురుగునీటి పారుదల, తాగునీటి సరఫరా, వర్షపునీటి కాలువలు, రోడ్ల నిర్వహణ, పారిశుధ్యం. ఒకటి ఎంచుకుంటేగానీ ముందుకు కదలదు.

ఇక్కడే మొదటి చిక్కు. మనకు కనిపించేది లక్షణం. యాప్ అడుగుతున్నది కారణం. ఆ నీళ్లు మురుగు లైను పూడుకుపోవడం వల్ల రావచ్చు, తాగునీటి పైపు పగిలి రావచ్చు, కాలువలో పూడిక నిండటం వల్ల కావచ్చు, రోడ్డు కుంగి నీళ్లు పోయే దారి లేకపోవడం వల్లా కావచ్చు. నిలబడి చూసే మనిషికి ఇది తెలిసే అవకాశం లేదు. ఏదో ఒకటి ఊహించి 'తాగునీటి సరఫరా' నొక్కారనుకుందాం. ఫిర్యాదు ఆ శాఖకు వెళుతుంది. వాళ్ల మనిషి నిజంగానే వస్తాడు, పైపు చూస్తాడు, లీకేజీ లేదు. 'మా లైను బాగానే ఉంది' అని రాసి ఫిర్యాదు క్లోజ్ చేస్తాడు. ఆయన తన పని నిజాయితీగానే చేశాడు. మనకు 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. నీళ్లు అలాగే ఉంటాయి.

దీనికి బదులు 'మీకేం కనిపిస్తోంది?' అని అడిగే యాప్‌లూ తయారు చేయొచ్చు. నీళ్లు నిలిచి ఉన్నాయా, పారుతున్నాయా? వాసన ఉందా? మ్యాన్‌హోల్ మూతలోంచి వస్తున్నాయా? ఇలాంటి మూడు ప్రశ్నలకు ఎవరైనా జవాబు చెప్పగలరు. ఏ శాఖకు పంపాలో కార్యాలయం తేల్చుకుంటుంది. వినడానికి ఇది సులువే గానీ ఖర్చుంది. వచ్చిన ప్రతి ఫిర్యాదునూ చదివి, విడదీసి, తప్పుగా వెళ్లినవాటిని వెనక్కి తెప్పించి మళ్లీ పంపే మనుషులు కావాలి. విభాగాల జాబితా పెడితే ఆ పని జనమే చేసిపెడతారు. శాఖలు ఆ జాబితాను వదులుకోకపోవడానికి కారణం ఇదే. అది పూర్తిగా అన్యాయమైన కారణమని కూడా అనలేం, ఎందుకంటే సిబ్బంది తక్కువున్నచోట వడపోత దగ్గరే ఫిర్యాదులు రోజుల తరబడి ఆగిపోతాయి. అయినా నా లెక్కలో, ఒక శాఖ 'ఇది మాది కాదు' అన్నప్పుడు ఫిర్యాదు క్లోజ్ కాకుండా తర్వాతి శాఖకు అదే నంబరుతో వెళ్లే ఏర్పాటు మాత్రం తప్పనిసరి. ఫొటోలూ తేదీలూ మారకుండా దానితోపాటే కదలాలి. దానికి కావాల్సింది సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువగా శాఖల మధ్య ఒప్పందం.

రెండో చిక్కు లొకేషన్. అమెరికా ప్రభుత్వ జీపీఎస్ వెబ్‌సైట్ చెప్పేదాని ప్రకారం, ఆరుబయట ఆకాశం బాగా కనిపించేచోట మామూలు స్మార్ట్‌ఫోన్ సుమారు 4.9 మీటర్ల వ్యాసార్థంలో చోటును చెప్పగలదు. ఎత్తైన భవనాలు, వంతెనలు, చెట్ల దగ్గర తేడా ఇంకా పెరుగుతుంది. మ్యాప్ చూసి దారి వెతుక్కోవడానికి ఇది సరిపోతుంది. వెలగని దీపం రోడ్డుకు ఈ వైపు స్తంభమా, ఆ వైపుదా అని తేల్చడానికి సరిపోదు. ఇక రోడ్డు మధ్య గీతే రెండు స్థానిక సంస్థల సరిహద్దయితే, ఆ అయిదు మీటర్లే ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్లాలో నిర్ణయిస్తాయి.

కొన్ని యాప్‌లు ఇంకో పొరపాటు చేస్తాయి. ఫొటో తీసిన చోటును కాకుండా, ఫారం పంపినప్పుడు ఫోన్ ఉన్న చోటును లొకేషన్‌గా తీసుకుంటాయి. దారిలో ఫొటో తీసుకుని ఇంటికి వచ్చాక తీరిగ్గా ఫిర్యాదు పెట్టిన మనిషి ఇంటిముందుకు సిబ్బంది వచ్చి, ఇక్కడ గుంతేమీ లేదని రాసి వెళ్లిపోతారు. పిన్‌ను వేలితో జరిపే వీలు, స్తంభం మీది నంబరు రాసే గడి, దగ్గర్లోని గుర్తు చెప్పే చోటు ఉంటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఈ మూడూ తయారు చేయడం పెద్ద కష్టం కాదు. కానీ ఆఫీసులో కూర్చుని యాప్‌ను పరీక్షించేవాళ్లకు వీటి అవసరం తెలియదు.

మిగతా ఇబ్బందులు అందరికీ తెలిసినవే. రోడ్డు పక్కన నిలబడి ఉండగా ఓటీపీ రాదు. నెట్‌వర్క్ పోతే నింపిన ఫారం అంతా చెరిగిపోతుంది. అక్షరాలు పెద్దవి చేస్తే బటన్ కనపడదు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు మ్యాప్ పిన్ అసలు అందదు. ఫారాన్ని ఫోన్‌లోనే దాచి నెట్ వచ్చాక పంపడం, లాగిన్‌ను చివర్లో అడగడం, చోటును మ్యాప్‌తో పాటు మాటల్లోనూ చెప్పనివ్వడం ఎప్పటినుంచో తెలిసిన పరిష్కారాలు.

ఒకే స్టేటస్ వెనక నాలుగు రకాల ముగింపులు

అసలు గందరగోళం ఇక్కడుంది. వేర్వేరు నగరాల ఫిర్యాదు వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఓపెన్ 311 అనే ఉమ్మడి ప్రమాణం ఒకటుంది. దాని జియోరిపోర్ట్ రెండో వెర్షన్‌లో ఫిర్యాదుకు రెండే స్థితులు: ఓపెన్, క్లోజ్డ్. స్థితి ఎందుకు మారిందో రాయడానికి పక్కన వేరే గడి ఉంది. ఆ గడి ఖాళీగా ఉంటే మనకు మిగిలేది 'క్లోజ్డ్' ఒక్కటే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కార్యాలయానికి 100 ఫిర్యాదులు వచ్చాయని ఊహించుకోండి. 45 చోట్ల నిజంగా మరమ్మతు చేశారు. 20 ఫిర్యాదులు వేరే శాఖవని తేల్చారు. 20 పాతవాటికి నకళ్లని తీసేశారు. 15 చోట్ల సమస్య కనపడలేదని గానీ, తమ పరిధిలోకి రాదని గానీ రాశారు. వందా క్లోజ్ అయ్యాయి. నివేదికలో 'నూటికి నూరు శాతం పరిష్కారం' అని వస్తుంది. అందులో ప్రతి నమోదూ నిజమే. కానీ ఫిర్యాదు చేసినవాళ్లలో 55 మందికి తమ సమస్య వేరేచోటికి వెళ్లడమో, కలిసిపోవడమో, తిరస్కరణకు గురికావడమో జరిగింది. నకళ్ల కింద వెళ్లిన 20 మందిలో కొందరి గుంత పాత నంబరు మీద పూడి ఉండొచ్చు, ఆ కబురు మాత్రం వాళ్లకు అందదు. అందరికీ వచ్చే మెసేజ్ ఒకటే.

దీనికి గడువు తోడవుతుంది. చాలా వ్యవస్థల్లో ఒక్కో రకం ఫిర్యాదుకు ఇన్ని గంటలో, ఇన్ని రోజులో అని గడువుంటుంది. అది దాటితే ఫిర్యాదు దానంతటదే పై అధికారి దగ్గరికి వెళుతుంది, కింది ఉద్యోగి పనితీరు లెక్కలో మచ్చగా పడుతుంది. బల్బు మార్చడానికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ కాలువను తవ్వి వెడల్పు చేయాల్సిన పని ఉందనుకోండి. దానికి అంచనా వేయాలి, నిధులు మంజూరు కావాలి, టెండర్ పిలవాలి. నెలలు పడుతుంది. యాప్‌లో ఆ నెలలకు చోటే లేదు. కింది ఇంజనీరు ముందు రెండే దారులు: రోజూ గడువు మీరిన జాబితాలో పేరు చూసుకోవడం, లేదా 'అంచనాల్లో చేర్చాం' అని రాసి క్లోజ్ చేయడం. అందరూ రెండోదాన్నే ఎంచుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ఉద్యోగిని తిట్టుకునే ముందు, 'నిధుల కోసం ఆగింది, ఫలానా తేదీన మళ్లీ చూస్తాం' అనే స్థితిని యాప్‌లో ఎందుకు పెట్టలేదని అడగాలి. అలా పెడితే నిధులు రాని పనుల జాబితా బయటికి కనిపిస్తుంది. అది పైస్థాయిలో అందరికీ ఇష్టంగా ఉండదు.

'అయిపోయింది' అని చెప్పే హక్కు ఎవరిది?

ఫిర్యాదు పెట్టిన మనిషి ఒప్పుకుంటేనే క్లోజ్ చేయాలని ఒక వాదన. పని చేసినవాళ్లే తమ పనికి మార్కులు వేసుకోకూడదన్నది దీని బలం. దీనికి ఎదురువాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. గుంత పూడ్చాక 'రోడ్డంతా కొత్తగా వేస్తేనే ఒప్పుకుంటా' అనేవాళ్లుంటారు. ఒప్పుకున్నట్టు ఓటీపీ చెప్పమంటే స్పందించనివాళ్లు ఇంకా ఎక్కువమంది. ఊరు మారినవాళ్లు, నంబరు మార్చినవాళ్లు ఉంటారు. వాళ్లందరి ఫిర్యాదులూ ఎప్పటికీ తెరిచే ఉంటే, నిజంగా మిగిలిన పనులేవో సిబ్బందికే తెలియకుండా పోతుంది. పైగా, ఒప్పుకోమని ఫిర్యాదుదారుకు పదేపదే ఫోన్లు చేసే ఒత్తిడి మొదలవుతుంది. ఒంటరిగా ఉండేవాళ్లకు అది భయంగానూ మారొచ్చు.

ఫిక్స్ మై స్ట్రీట్ ఇక్కడ మధ్యేమార్గం పట్టింది. స్థానిక సంస్థ ఏం చెప్పినా చెప్పకపోయినా, నాలుగు వారాల తర్వాత ఫిర్యాదుదారుకు ఈమెయిల్ పంపి సమస్య తీరిందా అని అడుగుతుంది. వచ్చిన జవాబు అందరికీ కనిపించే పేజీలోనే ఉంటుంది. అంటే 'మేం పని చేశాం' అన్న అధికారుల మాట, 'అవును చేశారు' అన్న జనం మాట విడివిడిగా నమోదవుతాయి. ఒకదాన్ని ఇంకొకటి చెరిపేయదు. రెండింటి మధ్య తేడా ఎక్కడ ఎక్కువగా ఉందో చూస్తే ఏ విభాగంలో లోపముందో తెలిసిపోతుంది. ఇది నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించే పద్ధతి.

పని ముగిశాక తీసిన ఫొటో చూపించడం ఇంకో మార్గం. బోస్టన్ యాప్ సమాచారాన్ని హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు పరిశీలించినప్పుడు, తమ ఫిర్యాదు మీద జరిగిన పని ఫొటోను చూసినవాళ్లు ఆ తర్వాత ఎక్కువ ఫిర్యాదులు, ఎక్కువ రకాలవి పెట్టారని తేలింది. జనానికి కావాల్సింది తమ మాట ఎవరో విన్నారన్న రుజువు. అయితే ఆ ఫొటోలోనూ సమయం, చోటు నమోదై, మొదటి ఫొటో తీసిన కోణంలోనే ఉండాలి. లేకపోతే ఏ రోడ్డు ఫొటో అయినా పెట్టొచ్చు.

కావాలని పెట్టిన అడ్డంకులు

యాప్ ఎంత సులువైతే అంత మంచిదని అనుకుంటాం. తప్పులను పట్టించే యాప్‌లలో ఇది పూర్తిగా నిజం కాదు. ఎన్నికల నియమాల ఉల్లంఘనలను జనమే పట్టించడానికి భారత ఎన్నికల సంఘం 2018లో తెచ్చిన సీ-విజిల్ యాప్‌లో, గ్యాలరీలో ఉన్న పాత ఫొటోను పెట్టడం కుదరదు. అక్కడికక్కడే ఫొటో గానీ, రెండు నిమిషాల లోపు వీడియో గానీ తీయాలి. తీశాక పంపడానికి అయిదు నిమిషాలే గడువు. మొదటిసారి వాడేవాళ్లకు ఇది చాలా టెన్షన్ పెట్టే ఏర్పాటు. కానీ గత ఎన్నికల నాటి ఫొటోతో ఇప్పటి అభ్యర్థి మీద ఫిర్యాదు చేయకుండా ఆపేది అదే.

ఆ యాప్‌లో నేర్చుకోదగ్గది ఇంకొకటుంది. గడువు 100 నిమిషాలు అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, దాన్ని ముక్కలు చేశారు. అయిదు నిమిషాల్లో ఫిర్యాదు క్షేత్రస్థాయి బృందానికి చేరాలి, పదిహేను నిమిషాల్లో బృందం అక్కడికి వెళ్లాలి, ముప్ఫై నిమిషాల్లో విచారించి నివేదిక ఇవ్వాలి, యాభై నిమిషాల్లో రిటర్నింగ్ అధికారి నిర్ణయం తీసుకోవాలి. ఆలస్యం ఎక్కడ జరిగిందో దీనివల్ల కనిపెట్టొచ్చు. మామూలు పౌరసేవల యాప్‌లలో మొత్తం గడువు ఒకటే ఉంటుంది, అది ఎవరి బల్ల మీద కరిగిపోయిందో ఎవరికీ తెలియదు.

దక్షిణ కొరియా 2019లో అక్రమ పార్కింగ్ మీద ఇలాంటిదే అమలు చేసింది. మంటలార్పే నీటి కుళాయికి అయిదు మీటర్లలోపు, కూడలి మూలలకు అయిదు మీటర్లలోపు, బస్టాపుకు పది మీటర్లలోపు, పాదచారులు దాటే చారల మీద ఆపిన వాహనాలను యాప్‌తో పట్టించొచ్చు. ఒకే చోటి నుంచి కనీసం ఒక నిమిషం తేడాతో రెండు ఫొటోలు తీయాలి. అవి సరిగ్గా ఉంటే అధికారి అక్కడికి వెళ్లకుండానే జరిమానా పడుతుంది. వాహనం ఒక్క క్షణం ఆగిందా, నిజంగా పార్క్ చేశారా అని తేల్చే పని ఆ ఒక్క నిమిషం చేస్తుంది. ఇదే పద్ధతిని వెలగని వీధిదీపానికి పెడితే మాత్రం అర్థం లేని హింస అవుతుంది.

పేరు చెప్పాలా, వద్దా?

ఇక్కడా జవాబు ఫిర్యాదు రకాన్ని బట్టే ఉంటుంది. సీ-విజిల్‌లో పేరు, ఫోన్ నంబరు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. కానీ అలా చేస్తే తర్వాత ఏమైందో తెలుసుకునే వీలుండదు. పలుకుబడి ఉన్నవాళ్ల మీద ఫిర్యాదు చేసేవాళ్లకు ఈ బేరం సమ్మతమే. మురుగు పొంగుతున్న వీధిలో ఉండేవాళ్లకు కాదు, వాళ్లకు జవాబు కావాలి. అధికారులకు పేరు తెలిసినా క్షేత్రసిబ్బందికీ కాంట్రాక్టర్‌కూ కనిపించకుండా దాచడం మూడో దారి. చాలామంది 'పేరు దాచండి' అని అడిగేటప్పుడు మనసులో ఉండేది ఇదే.

ఫిర్యాదులను అందరికీ కనిపించే మ్యాప్ మీద పెట్టడంలోనూ రెండు వైపులున్నాయి. పక్కవాళ్లు అదే గుంత గురించి ముందే చెప్పారని కనిపిస్తే మళ్లీ కొత్తది పెట్టకుండా దాన్నే అనుసరించొచ్చు, అధికారుల మీద ఒత్తిడీ ఉంటుంది. మరోవైపు ఆ ఫొటోల్లో మనుషుల ముఖాలు, వాహనాల నంబర్లు, ఇళ్ల గుమ్మాలు పడతాయి. ఒకే మనిషి ఫిర్యాదులన్నీ కలిపి చూస్తే ఆ మనిషి ఎక్కడుంటారో కనిపెట్టడం కష్టం కాదు. పనుల ఫిర్యాదులు బహిరంగంగా, తప్పుల ఫిర్యాదులు గోప్యంగా ఉంచడం సబబైన విభజన.

ఫిర్యాదులు రాని వీధుల సంగతి

ఎక్కువ ఫిర్యాదులు వచ్చినచోటే ఎక్కువ సమస్యలున్నాయని అనుకోవడం ఈ వ్యవస్థల్లో అతిపెద్ద ప్రమాదం. బోస్టన్ 2012లో స్ట్రీట్ బంప్ అనే యాప్ తెచ్చింది. కారులో పెట్టుకున్న ఫోన్ కుదుపులను పసిగట్టి గుంతలను దానంతటదే నమోదు చేస్తుంది. ఎవరూ ఏమీ నింపక్కర్లేదు. కానీ స్మార్ట్‌ఫోన్లు తక్కువగా ఉన్న పేద ప్రాంతాల్లో, వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా ఉండేచోట్ల గుంతలు ఉన్నా ఆ లెక్కలోకి రావన్న ప్రశ్న వెంటనే లేచింది. ఫారమే లేని యాప్ కూడా అందరికీ సమానంగా అందదని అప్పుడు అర్థమైంది.

ఫిర్యాదు రాకపోతే సమస్య లేనట్టా, చెప్పేవాళ్లు లేనట్టా? న్యూయార్క్, షికాగో నగరాల ఫిర్యాదుల మీద జరిగిన ఒక పరిశోధన దీనికి తెలివైన దారి కనిపెట్టింది. అది వాడుకున్నది అందరూ పనికిరానివని తీసేసే నకలు ఫిర్యాదులనే. ఒక చెట్టు కూలిందని మొదటి ఫిర్యాదు వచ్చిందంటే అక్కడ సమస్య ఉన్నట్టు ఖాయం. సిబ్బంది వచ్చేలోపు అదే చెట్టు గురించి ఇంకెన్ని ఫిర్యాదులు వచ్చాయన్నదాన్ని బట్టి, ఆ ప్రాంతం జనం ఎంత త్వరగా నోరు తెరుస్తారో అంచనా కట్టొచ్చు. సమస్య తీవ్రత ఒకేలా ఉన్నా ప్రాంతానికీ ప్రాంతానికీ ఈ వేగంలో చాలా తేడా ఉందని, అది ఆర్థిక సామాజిక పరిస్థితులతో ముడిపడి ఉందని ఆ పరిశోధనలో తేలింది.

అందుకే నకళ్లను క్లోజ్ చేసి పారేయకుండా ఒకే నంబరు కింద జోడించి, పెట్టినవాళ్లందరికీ కబురు పంపే యాప్ రెండు రకాలుగా మేలు. మన లెక్కలో నకళ్ల కింద వెళ్లిన ఆ 20 మందికి తప్పుడు మెసేజ్ వెళ్లదు. ఏ వీధి ఎంత నెమ్మదిగా చెబుతోందో కార్యాలయానికి తెలుస్తుంది. నెమ్మదిగా చెప్పే వీధులకు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా తనిఖీ బృందాన్ని పంపాలి. యాప్ వాడనివాళ్లు ఫోన్ చేసి చెప్పినదీ, ఆఫీసుకు వచ్చి కాగితం మీద రాసిచ్చినదీ యాప్ ఫిర్యాదులతో పాటు అదే వరసలో, అదే గడువుతో నమోదు కావాలి.